గుర్తడిగే బాలనర్సమ్మ

పాపయ్య బావిలో దెబ్బతిని, సోయి తప్పి, వరంగల్ దవాఖానలో పడి ఉన్నాడని గుమ్మం ముందు నిలబడి ఒక కొత్త మనిషి చెప్తుంటే, అతని భార్య బాలనర్సమ్మ బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి మొట్టమొదట అడిగిన మాట ఇది.

"గుర్తేం చెప్పిండు?"

దంతాలపల్లి పక్కనున్న ఆ ఊళ్లో ఈ సంగతి చాలా కాలం చెప్పుకున్నారు. కొందరు నవ్వుతూ చెప్పారు, కొందరు ముక్కున వేలేసుకుని చెప్పారు. మొగుడు చావుబతుకుల్లో ఉంటే గుర్తు అడిగిన మనిషని బాలనర్సమ్మకు పేరు పడిపోయింది. అనేవాళ్ల నోటికి హద్దేముంది, ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ఆ మాట అడిగేముందు చేట దించుతుంటే బియ్యం ఎలా ఒలికిపోయాయో వాళ్లు చూడలేదు. చూసినా చెప్పరు. ఆమెను తప్పు పట్టేముందు ఆ గుర్తు కథ కొంచెం వినాలి.

అప్పటికి ఆ ఊరికి ఫోన్ రాలేదు. పనికి పోయిన మనిషి ఇంటికి కబురు పెట్టాలంటే అటుగా బస్సెక్కే మనిషి నోరే దిక్కు. దుప్పటి పంపమనీ, గడ్డపార పంపమనీ, వచ్చినవాడి చేతికి ఇవ్వమనీ చెప్పి పంపేవారు. మరి వచ్చినవాడు నిజంగా మనవాడు పంపిన మనిషేనని నమ్మేదెలా? అందుకే గుర్తు. ఇంట్లోవాళ్లకు తప్ప బయటివాళ్లకు తెలియని ముచ్చట ఒకటి ఆ మనిషి చెవిలో వేసి పంపేవారు. ఆ ముచ్చట వినగానే ఇంటావిడ తలూపి, అడిగిన వస్తువు తెచ్చి ఇచ్చేది. సంతకం రానివాళ్లకు అదే సంతకం, తాళం లేని ఇంటికి అదే తాళం.

బాలనర్సమ్మ పెళ్లి అరవై తొమ్మిదిలో తెలంగాణ కొట్లాట జరిగిన ఏడాది అయింది. బడులు మూతపడి, బస్సులు బందై, పెళ్లివాళ్లంతా పాలకుర్తి దగ్గరి పిల్ల ఇంటి నుంచి కాలినడకన వచ్చారు. దారి పొడుగునా పెళ్లికొడుకు పాపయ్య ఒక్క ముక్క మాట్లాడలేదు. మూగవాడేమోనని పెళ్లికూతురికి అనుమానం వచ్చి, పక్కనే నడుస్తున్న తోడిపెళ్లికూతురిని గిల్లి మరీ అడిగింది. మూగవాడు కాదు, మాట పొదుపు, అంతే. బావులు తవ్వడం అతని పని. అడుగున బండ తగిలితే దానికి రంధ్రం కొట్టి, మందు కూరి పేల్చడంలో అతనికి మంచి చెయ్యి ఉండేది. గూడూరు అడవి అంచు ఊళ్ల దాకా పిలుపులొచ్చేవి. పోతే మళ్లీ ఏ పండుగకో పబ్బానికో వచ్చేవాడు. వచ్చినా తిని, ఎడ్లను కడిగి, కొట్టంలో కూర్చుని తాడు పేనుకునేవాడు. 'కూర బాగుంది' అనడానికి కూడా ఆ మహానుభావుడికి నోరు రాదు.

అలాంటి మనిషి గుర్తులు పంపడం మొదలుపెట్టాడు. మొదటిసారి వచ్చినవాడు దుప్పటి అడిగి, తల గోక్కుంటూ చెప్పాడు.

"పెండ్లయిన కొత్తల బువ్వల ఉప్పు రెండుసార్లేసినవంట. పాపయ్య ఏం మాట్లాడకుండ మొత్తం తిన్నడంట. గిదే గుర్తు."

బాలనర్సమ్మ దుప్పటి తేవడానికి లోపలికి పోయి చాలాసేపటికి గాని బయటికి రాలేదు. ఉప్పు ఎక్కువైందని అతనికి తెలుసన్న సంగతే ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత ఒక్కొక్క కబురుతో ఒక్కొక్క ముచ్చట వచ్చేది. జ్వరంలో తన నుదుటి మీద ఆమె చెయ్యి పెట్టింది, నిద్రపోతున్నట్టు నటించాడట. బొడ్డెమ్మ ఆటలో ఆమె కాలి మట్టె జారితే తానే వెతికి తెచ్చి గూట్లో పెట్టాడట. ఎదురుగా ఉంటే నోరు విప్పని మనిషి, ఊరుగాని ఊరి నుంచి దారిన పోయే దానయ్యల నోట ఇవన్నీ చెప్పించేవాడు. చెప్పేవాళ్లు సిగ్గుపడేవాళ్లు, వినే ఆమె అరటిపండు పెట్టి, చల్ల పోసి, ఇంకోసారి చెప్పమనేది. సరిగా వినపడలేదని సాకు.

అన్నింటిలోకి ఆమె మనసు దోచింది తిరుగలి ముచ్చట. ఆమె తిరుగలి విసురుతూ పాట పాడుకుంటుంటే అతను గోడ వెనక నిలబడి విన్నాడట, అతని అలికిడికి ఆమె పాట ఆపేసిందట, ఆ మిగతా సగం ఎప్పుడు వింటానోనని ఎదురుచూస్తున్నాడట. అది విన్న రోజు బాలనర్సమ్మ ఇంట్లో అడుగులు నేల మీద పడలేదు. అసలు తప్పు అక్కడే జరిగింది. తర్వాత పాపయ్య ఇంటికి వచ్చినప్పుడు ఆమె తలుపు చాటున నిలబడి, "గుర్తు పంపితె గా తిరుగలి ముచ్చటనే పంపుతుండు, నాకు గదే మంచిగనిపిస్తది" అంది. పెళ్లాం నోరు తెరిచి అడిగింది కదా అని అతనూ సరేనన్నాడు. ఇక ఎవరొచ్చినా తిరుగలి ముచ్చటే. అంతటితో ఊరుకుందా? నాట్లేసేటప్పుడు ఆడవాళ్లంతా తమ తమ మొగుళ్ల సంగతులు చెప్పుకుంటుంటే ఈమె కూడా మురిసిపోయి తన ముచ్చట చెప్పేసింది. మడిలో నవ్వులే నవ్వులు. ఆ నవ్వులు అక్కడితో ఆగుతాయా, చుట్టుపక్కల ఊళ్లకు పాకాయి.

ఒకనాడు మధ్యాహ్నం తెల్ల ధోవతి కట్టుకున్న మనిషి వచ్చాడు. పెద్దమనిషి తరహా. బావిలో ఊట పొంగిందనీ, మోట కట్టి నీళ్లు తోడాలనీ, పాపయ్య ఎడ్లను తోలుకురమ్మన్నాడనీ చెప్పాడు. పొద్దుగూకే లోపల పోకపోతే గడ్డ కూలుతుందని తొందరపెట్టాడు. తొందరలో కూడా తిరుగలి ముచ్చట పొల్లుపోకుండా అప్పజెప్పాడు, చివర్లో ఒక చిరునవ్వు కూడా నవ్వాడు. బాలనర్సమ్మ కొట్టం నుంచి ఎడ్లను విప్పి ఇచ్చింది. అవి అద్దె అరకల మీద ఏళ్ల తరబడి బతికి, చివరికి సొంతం చేసుకున్న ఎడ్లు. వాటి మెడలు నిమిరి, దారిలో తినమని ఆ మనిషికి రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ మూట కట్టి మరీ ఇచ్చింది. ఇంటిని దోచుకుపోయేవాడికి సద్ది కట్టిన ఇల్లాలు ఇంకెక్కడైనా ఉంటుందా, చెప్పండి. ఆ రొట్టెల సంగతి తలుచుకుని ఆమె తర్వాత ఎన్నిసార్లు తల బాదుకుందో.

పాపయ్య ఇంటికొచ్చి ఖాళీ కొట్టం చూసి, "ఎడ్లేయి?" అన్నాడు. ఆమె చెప్పింది. అతను తలగుడ్డ విప్పి గుంజకు తగిలించాడు, అంతే. అత్త రాములమ్మ మాత్రం ఊరుకోలేదు, వాడకట్టంతా వినేలా తిట్టిపోసింది. ఆ ఎడ్లు మళ్లీ దొరకలేదు.

మరొకరైతే ఆ సంగతి కడుపులో దాచుకునేవారు. మోసపోయామని చెప్పుకోవడం ఎవరికి ఇష్టం? బాలనర్సమ్మ అలా చేయలేదు. అదే నాట్ల మడిలో, అదే ఆడవాళ్ల ముందు నిలబడి, తాను ఎలా మోసపోయిందో రొట్టెల మూటతో సహా చెప్పింది. "నవ్వుతె నవ్వుండ్రి. గని మీరు గిట్ల చెయ్యకుండ్రి. గుర్తు ఇద్దరి నడుమ ఉన్నదాక్నే గుర్తు. మూడో మనిషికి చెప్పినమా, ఇగ గది పాత చెప్పే. ఒకసారి వాడినంక మల్ల వాడొద్దు." ఈసారి ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఇంటికెళ్లి మొగుళ్లతో గుసగుసలాడి కొత్త గుర్తులు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ.

అప్పటి నుంచి ఆ వాడకట్టుకు ఆమె కాపలా అయింది. బంగారానికి మెరుగు పెడతామని వచ్చినవాడిని, "ముందుగాల నీ ఉంగరానికి పెట్టి సూపియ్యి" అని కూర్చోబెడితే, వాడు సామాను సర్దుకుని పోయాడు. సర్కారు నుంచి వచ్చాం, వేలిముద్ర వేయమని కాగితాలు పట్టుకొచ్చినవాడిని, "చదివెటోళ్లు వచ్చెదాక జర కూసో బిడ్డా, చల్ల తాగు" అంటే, పని ఉందని లేచాడు. నిజంగా సర్కారు మనిషి వచ్చినప్పుడు కూడా ఆమె అలాగే కూర్చోబెట్టింది, ఆయన చల్ల తాగి, కాగితం చదివించుకునేదాకా ఉండి, నవ్వుకుంటూ పోయాడు. తొందరపెట్టేవాడిని నమ్మవద్దని ఆమె లెక్క. ఆ లెక్క చాలా ఏళ్లు తప్పలేదు.

ఇప్పుడు గుమ్మం ముందు నిలబడ్డ మనిషి తొందరపెడుతున్నాడు. పేరు భోజ్యా అన్నాడు. గూడూరు అవతలి తండా. పాపయ్యతో ఒకే బావిలో పని. ముందు రోజు పేలకుండా మిగిలిన మందు, గడ్డపార తగలగానే పేలిందట. లారీలో వేసి వరంగల్ తీసుకుపోయారట.

"మందులకు కావాలంటున్నరు అక్కా. నీ మెడల బంగారి గుండ్లన్న ఇయ్యి, నేను ఉరుకుత. నువ్వు ఎనుకసిరి రా."

"గుర్తు లేకుంట ఎట్ల ఇయ్యాలె?"

"సోయి తప్పిన మనిషి గుర్తెట్ల చెప్తడు అక్కా?"

ఇన్నేళ్లుగా ఊరందరికీ చెప్పిన జాగ్రత్తలో ఈ ఒక్క సంగతి బాలనర్సమ్మకు తట్టలేదు. గుర్తు చెప్పాల్సిన నోరే పడిపోతే ఏం చేయాలి? జనం పోగయ్యారు. పక్కింటి జగపతి, ఏనాడూ మాట తూలని మనిషి, విసుక్కున్నాడు.

"ఓ బాలనర్సా, గిప్పుడు గూడ గుర్తేంది? పానం కంటె గుండ్లు ఎక్కువనా?"

రాములమ్మ అరుగు మీద కూలబడి కొడుకు పేరు పెట్టి ఏడుస్తోంది. కోడలు భోజ్యా ముఖంలోకి చూసింది. ఇతను మోసగాడైతే పోయేది గుండ్లు. నిజం చెప్తున్నవాడైతే, తాను గుర్తు గుర్తని కూర్చుంటే పోయేది పాపయ్య. ఆమె మెడ మీద చెయ్యి వేసుకుంది, గుండ్లు విప్పబోయింది, మళ్లీ ఆగింది. ఏ దారి చూసినా భయంగానే ఉంది. చివరికి చెయ్యి దించి అంది.

"నువ్వు చెప్పేది నిజమే కావొచ్చు తమ్మీ. నిజమైతె నీ కాళ్లు మొక్కుత. గని నీ చేతికి గుండుసూది గూడ ఇయ్య. నువ్వు ముందు నడువు, నీ ఎంబడి నేనొస్త. ఇచ్చేదేందో ఆడ డాక్టర్ ముంగట్నే ఇస్త." జగపతి వైపు తిరిగి, "నువ్వు గూడ రావాలె అన్నా" అంది.

జగపతి చెప్పులేసుకున్నాడు. భోజ్యా ముఖం చిన్నబోయింది. అయినా ముందు నడిచాడు.

తొర్రూరు మీదుగా పోయే బస్సు కిటకిటలాడుతోంది. భోజ్యా పైకమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కుదిపినప్పుడల్లా పళ్లు బిగబట్టడం చూసి బాలనర్సమ్మ తలెత్తింది. అతని అరచేతుల్లో తోలు లేదు. తాడు ఒరుసుకుని, ఎర్రగా, పచ్చి పుండులా ఉన్నాయి. పెద్ద మనిషిని బావిలోంచి తాడుతో పైకి లాగిన చేతులు. వాటికి ఎవరి గుర్తూ అక్కర్లేదు. అది చూశాక అంతా నిజమేనని ఆమెకు తెలిసింది. ఇంతసేపూ అబద్ధం కావాలనే లోలోపల మొక్కుకుంటోందని అప్పుడు గాని ఆమెకు అర్థం కాలేదు. ఏడుస్తూనే కొంగు చింపి అతని చేతులకు కట్టింది.

"నిన్ను దొంగవనుకున్న తమ్మీ."

"అననియ్యి అక్కా. మా పాపయ్యన్న చెప్పిండు గద, మా ఇంటిది ఉత్తగ నమ్మదని. గుండ్లు ఇచ్చుంటె నేనే పరేషాన్ అయ్యేటోన్ని."

దవాఖానలో మరో కథ నడుస్తోంది. భోజ్యా బయల్దేరాక, పొద్దున్నే పాపయ్యకు సోయి వచ్చింది. రెండు కళ్లకూ కట్టు. పేలుడుకు చెవులు గింగిరుమంటూ, పక్కన నిలబడి అరిస్తే తప్ప వినిపించడం లేదు. ఎవరి గొంతో పోల్చుకునే స్థితి కూడా లేదు. ఆ స్థితిలో బావి గుత్తేదారు మనిషి ఒకడు వచ్చి, ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించబోయాడట. దెబ్బకు తమకు సంబంధం లేదని రాసుకున్న కాగితమై ఉండాలి. పాపయ్య బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించాడు. ఆ తర్వాత డాక్టరు కాగితం వచ్చినా అంతే. కళ్లు లేవు, చెవులు లేవు, ఏ కాగితం ఎవరిదో అతనికేం తెలుసు? ఎవరు చెయ్యి వేసినా విదిలించి కొడుతున్నాడు.

నర్సు బాలనర్సమ్మ మీద విరుచుకుపడింది.

"నువ్వేనా పెండ్లానివి? కంట్ల రాయి ముక్క దిగింది. గియ్యాల తియ్యకుంటె సూపు దక్కదు. ముట్టుకోనిస్తలేడు. జర చెప్పు నీ మొగనికి."

ఆమె మంచం దగ్గరికి పోయి అతని పిడికిలి మీద చెయ్యి వేసింది. అతను చప్పున లాక్కున్నాడు.

"ఎవరు?"

"నేనే. బాలనర్సిని."

"ఎవరు?"

ఆమె వంగి చెవి దగ్గర అరిచింది. అతని ఎండిన పెదాలు కదిలాయి.

"నా పెండ్లాన్నంటె నమ్మాలెనా? ఎవల్నో తీస్కచ్చిండ్రు. నువ్వు నా పెండ్లానివైతె గుర్తు చెప్పు."

భోజ్యా తల తిప్పుకున్నాడు. బాలనర్సమ్మకు కోపమూ, నవ్వూ, ఏడుపూ అన్నీ ఒక్కసారే వచ్చాయి. పెళ్లయిన నాటి నుంచి గుర్తులు పంపింది అతను, విన్నది ఆమె. ఆమె ఎన్నడూ చెప్పింది లేదు. ఇప్పుడు చెప్పాలి. ఆ చెవిటి చెవికి చేరాలంటే వార్డు మొత్తానికి వినపడాలి. అటూ ఇటూ మంచాల మీద మగవాళ్లు, వాళ్ల చుట్టాలు, గుమ్మంలో వార్డు బాయ్. అత్త ముందు మొగుడితో గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. కొంగు నడుముకు దోపుకుంది. గొంతెత్తింది.

"ఎడ్లు పోయిన నాడు మీ అవ్వ తిడుతుంటె నువ్వు కొట్టంలకు పోయినవ్. నేనొచ్చిన. ఏడుస్తున్నవ్. కంట్ల దుమ్ము వడ్డదన్నవ్. నీ తల నా ఒళ్లె వెట్టుకున్న. ఎడ్లు పోతె పోయినయి, నువ్వు గిట్ల మొఖం దించుకుంటె నాకు బతకబుద్ధయితలేదన్నవ్. మల్ల పొద్దుగాల లేసి ఏం ఎరగనట్టు తాడు పేనుకుంట కూసున్నవ్. ఇగ ఇనవడ్డదా?"

దూరపు మంచం మీది ముసలాయన దుప్పటి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. పాపయ్య పిడికిలి మెల్లగా విచ్చుకుంది. తడుముకుంటూ ఆమె చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"కాగితం ఏది?" అన్నాడు.

"ఆగు" అని, బాలనర్సమ్మ నర్సు వైపు తిరిగింది. "ముందుగాల అందుల ఏం రాసిన్రో సదువు సిస్టరమ్మా. జగపతన్నా, నువ్వు గూడ సూడు."

నర్సు నిట్టూర్చి, మొదటి నుంచి చివరి దాకా చదివింది. జగపతి అవునన్నాక గాని బాలనర్సమ్మ ఆ బొటనవేలిని సిరా మీద అద్దనివ్వలేదు. గుండ్లు విప్పి భోజ్యా చేతిలో పెట్టి, మందులు తెమ్మని పంపింది.

ఒక కన్ను నిలబడింది. రెండో కంట్లో కొంచెం మసక మిగిలింది. మర్నాడు చెవుల హోరు తగ్గి, గంజి తాగిస్తుంటే పాపయ్య గుటక మింగి నెమ్మదిగా అన్నాడు.

"గంత మందిల చెప్పినవ్. ఇగ గా గుర్తు పన్జెయ్యది."

బాలనర్సమ్మ గ్లాసు మళ్లీ అతని పెదాలకు ఆనించింది.

"ఇంక శానా ఉన్నయి తియ్యి" అంది.